సుఖభోగ హక్కుకు లోబడిన గది

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, నాన్న, మామ్మ, నేను, ఇంటి ఓనరుగారు, పైపుల శాఖ నుంచి వచ్చిన సుఖభోగాధికారి, ఆయన వెంట ఇనుప కడ్డీ మోసుకొచ్చిన ఉద్యోగి. వీళ్లలో చట్టప్రకారం ఆ ఇంట్లో ఉన్నది చివరి ముగ్గురే. మిగతా నలుగురం అక్కడ అద్దెకుంటున్నాం, అంతే.

మనిషి సాధించిన హక్కులన్నిటిలోకీ గొప్పది సుఖభోగ హక్కు. ఒకరి నేల మీదుగా ఇంకొకరు నడిచిపోవడానికి, నీళ్లు పారించుకోవడానికి, పైపు వేసుకోవడానికి ఉండే హక్కును చట్టం ఆ పేరుతో పిలుస్తుంది. మా అద్దె ఇంటి కిందనుంచి ఊరందరికీ నీళ్లు మోసే పెద్ద పైపు పోతుంది. పైపు ముందొచ్చింది, ఇల్లు తర్వాత వచ్చింది, మేం అందరికంటే చివర వచ్చాం. కాబట్టి సుఖం పైపుది, భోగం శాఖది, ఇల్లు ఊడ్చుకునే పని మాది.

ఈ సంగతి మాకు మొదట తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే. అద్దె కాగితంలో "ఈ ఇల్లు సుఖభోగ హక్కుకు లోబడి ఉన్నది" అని ఒక వాక్యం ఉంది. మా ఇంట్లో కాగితాలు చదివేది నేను. పల్లెటూరి బళ్లో తెలుగులో ఎప్పుడూ నాకే ఎక్కువ మార్కులు (క్లాసులో మేం ఉన్నదే కొద్దిమంది). అంటే ఏంటే అని మామ్మ అడిగింది.

"ఈ ఇంట్లో మనం సుఖంగా ఉండొచ్చని, మామ్మా. హక్కుగా."

మామూలుగా నేనేం చెప్పినా అందరూ "ఆఁ?" అంటారు. నా గొంతు అంత చిన్నది. ఆ ఒక్కరోజు మాత్రం అందరికీ స్పష్టంగా వినపడింది. నాన్న వెంటనే సంతకం పెట్టేశాడు. అసలు అర్థం తెలిసినప్పటి నుంచి మామ్మ నన్ను వకీలమ్మ అంటోంది.

నిజం చెప్పాలంటే, సుఖం కొన్నాళ్లు ఉంది కూడా. వీధి గదికి ఆనుకుని ఉన్న ఇరుకు గది నాకిచ్చారు. మంచం పట్టాక అందులో మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే. అయితేనేం, దానికి తలుపుంది. బుద్ధెరిగాక నాకంటూ ఒక తలుపు ఉండటం అదే మొదలు. నాకు మొహమాటం కాబట్టి అమ్మ చేత ఓనరుగారిని అడిగించి, లోపల గడియ కూడా పెట్టించుకున్నాను. గడియ వేసుకుని డైరీ రాసుకునేదాన్ని. ఎవరూ లేనప్పుడు గట్టిగా మాట్లాడటం సాధన చేసేదాన్ని.

తర్వాత తెలిసింది, పైపు సరిగ్గా నా మంచం కిందనుంచే పోతోందని. శాఖవాళ్లు వీలున్నప్పుడల్లా వచ్చి, కడ్డీ ఒక కొస నేలకి ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి, పైపు ఎలా ఉందో వింటారు. (నేనెలా ఉన్నానని అంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ వినలేదు.) పైపు పైభాగంలో కదలని వస్తువేదీ ఉండకూడదని నియమం. నిద్రపోతున్న అమ్మాయి ఏ కోవకి వస్తుందన్న ప్రశ్న ఒక తెల్లవారుజామున తలెత్తింది. లేపితే కదులుతుంది కాబట్టి చరాస్తి అని అధికారి తేల్చారు. మోకాళ్ల నొప్పులతో మంచం చివర కూర్చున్న మామ్మ మాత్రం స్థిరాస్తి కింద నమోదైంది, అదీ అనుమతి లేకుండా లేచిన కట్టడంగా.

"అయితే నన్ను కూలగొడతావేంటయ్యా?" అంది మామ్మ.

దానికి వేరే విభాగం ఉందన్నారాయన, మర్యాదగానే.

ఇక ఆ రోజు విషయానికొస్తే, నా గది గదిగా ఉండాలా, శాఖవారి దారిగా మారాలా అన్నది తేల్చడానికి వచ్చారు. దారి అయితే మంచం తీసెయ్యాలి, తలుపు ఊడబీకాలి. ఓనరుగారు తనకేమీ అభ్యంతరం లేదన్నారు. మేం చాలా మంచివాళ్లమని, ఏం చేసినా ఏమీ అనమని, ఇలాంటి అద్దెవాళ్లు దొరకడం కష్టమని మెచ్చుకున్నారు. (నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.)

అమ్మ కుట్టుమిషను ఆపింది. "మరి పిల్ల ఎక్కడ పడుకుంటుందండీ?"

"అద్దెదారుల హక్కులంటే మా శాఖకి ఎంతో పట్టింపమ్మా," అన్నారు అధికారి. "ఖాళీ చేసే హక్కు మీకెప్పుడూ ఉంటుంది."

నాన్న రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తాడు. జేబులో పెన్నున్నవాళ్లు ఎవరు మాట్లాడినా తలూపడం ఆయనకి అలవాటు. ఊపాడు. అది అంగీకారంగా నమోదైంది.

అభ్యంతరాలుంటే నోటితోనే చెప్పాలట, ఆ గదిలోనే, తనిఖీ జరుగుతుండగానే. నా దగ్గర ఒకటి తయారుగా ఉంది. మొదట రెండు పేజీలు రాశాను. భయానికి సరిపోయేలా కుదిస్తూ వస్తే చివరికి "సార్, ఈ గది నాకు కావాలి" అన్నది మిగిలింది.

ఉద్యోగి మంచం పక్కకి జరిపి, కడ్డీ ఆనించి, చెవి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఊపిరి కూడా వినపడనంత నిశ్శబ్దం. ఇంతకంటే మంచి సమయం దొరకదని, గోడకి ఆనుకుని నిలబడి, చెప్పేశాను.

ఉద్యోగి చెయ్యెత్తాడు. "సార్, ఏదో సన్నగా వస్తోంది. నీళ్లు కారుతున్నట్టు."

"ఏదీ, ఇంకోసారి," అన్నారు అధికారి.

నన్నే అడుగుతున్నారనుకున్నాను. ఈసారి చివర "అండీ" కూడా చేర్చి చెప్పాను.

"మళ్లీ వచ్చింది సార్. ఈసారి కాస్త పొడుగ్గా."

"అది పైపు కాదయ్యా," అంది మామ్మ. "మా పిల్ల."

స్థిరాస్తులు సాక్ష్యం చెప్పే వీల్లేదన్నారు అధికారి. "లీకేజీ అనుమానం" అని రాయించారు. కారణం దొరికేదాకా శాఖవారు ఆ గదిలోనే ఉండి పైపుని వింటారు. వినడానికి నిశ్శబ్దం కావాలి, నిశ్శబ్దానికి తలుపు కావాలి. కాబట్టి గదిని దారిగా మార్చే ఆలోచన రద్దయింది. తలుపు ఊడబీకరు. ఆ విధంగా నా అభ్యంతరం పూర్తిగా నెగ్గింది.

ఉద్యోగి నా మంచం మీద తీరిగ్గా కూర్చున్నాడు. నేనింకా గోడ దగ్గరే నిలబడి ఉన్నాను. అధికారి నా భుజం మీద చెయ్యేసి, చాలా ఆప్యాయంగా గుమ్మం దాటించారు.

"కాస్త బయటుండు తల్లీ. లోపల మనుషులుంటే ఏమీ వినపడదు."

తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నారు. నేను అడిగించి పెట్టించుకున్న గడియే. అదెంత గట్టిదో బయటినుంచి చూడటం నాకు అదే మొదటిసారి.