వ్లిసింగెన్ రేవులో అసలు సిసలు కివీలు

"అమ్మనూ, అమ్మ భాషనూ మరిచినవాడికి ఈ భూమ్మీద నిలబడే హక్కు లేదు!"

ఇది జనార్దన్ గారి ప్రకటన. బోటనీ డౌన్స్ కమ్యూనిటీ హాల్లో, మా తూర్పు ఆక్లండ్ తెలుగు సంఘం వార్షికోత్సవంలో, మైకు కీచుమంటున్నా లెక్కచేయకుండా ఆయన ఈ మాట అన్నారు. హాలు దద్దరిల్లింది. ఆయన సంఘానికి అధ్యక్షులు, నేను కార్యదర్శిని. అధ్యక్షులు మాట్లాడతారు, కార్యదర్శి కుర్చీలు సర్దుతాడు. మా సంఘం రాజ్యాంగం మొత్తం ఇంతే!

జనార్దన్ గారి భాషాభిమానం సామాన్యమైంది కాదు. ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలెవరైనా "వాటర్" అడిగితే ఇవ్వనివ్వరు. "మంచినీళ్ళు" అనాలి. స్పష్టంగా అనాలి. సున్నా వినిపించాలి. ఆ దెబ్బకి ఆయన కూతురు అక్షర ఇంటి నుంచే సీసా తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

భూమ్మీద నిలబడే హక్కు గురించి అంత పట్టింపు ఉన్న మనిషి, రెండు నెలలు తిరక్కుండానే నీళ్ళ మీదికి వెళ్ళారు. యూరప్ ఓడ ప్రయాణం! ఆయన, భార్య రాజశ్రీ, కూతురు అక్షర, తల్లి భాగ్యమ్మ గారు. వెంట నేనూ, మా ఆవిడ నిరుపమా. ఇంగ్లండ్ దాకా విమానం, అక్కడి నుంచి ఓడ.

ఒక పొద్దున ఓడ నెదర్లాండ్స్‌లో వ్లిసింగెన్ అనే రేవులో ఆగింది. సాయంత్రం దాకా ఊళ్ళో తిరగొచ్చన్నారు. నిరుపమ మాత్రం ఓడ ఊగుతోందని మంచం దిగలేదు. కట్టేసిన ఓడ ఎలా ఊగుతుందే అంటే, "కట్టేస్తే మరీ ఊగుతోంది" అంది.

ఆ రేవున్న సీమ పేరు జీలాండ్. మన న్యూజిలాండ్‌కి ఆ పేరు పెట్టింది ఈ జీలాండ్‌ని చూసే. ఆ సంగతి ఓడవాళ్ళు చెప్పగానే జనార్దన్ గారి కళ్ళు చెమర్చాయి.

"మధుసూదనరావు గారూ, మనం పుట్టింటికి వచ్చినం!"

"మీ పుట్టిల్లు జనగామ కదండీ?"

"అది బర్త్ ప్లేస్. ఇది రూట్స్!"

నేను నోరు మూసుకున్నాను. కార్యదర్శిని కదా.

అంతలో ఇంకో కబురు. ఆ ఊళ్ళో న్యూజిలాండ్ మిత్రమండలి అని ఒకటుందట. వాళ్ళ అన్నలూ అక్కలూ ఒకప్పుడు ఓడలెక్కి మన న్యూజిలాండ్‌కి వలస వెళ్ళినవాళ్ళు. అందుకని కివీలెవరైనా, అంటే న్యూజిలాండ్ మనుషులెవరైనా, రేవులో దిగితే పిలిచి కాఫీ ఇస్తారట. జనార్దన్ గారు తక్షణం లోపలికి వెళ్ళి, ఛాతీ మీద న్యూజిలాండ్ గుర్తైన వెండి ఫెర్న్ ఆకున్న నల్ల జెర్సీ తొడుక్కుని వచ్చారు. భాగ్యమ్మ గారు ఎప్పటిలాగే నేత చీర, పైన స్వెట్టరు, కాళ్ళకు మనవరాలి పాత బూట్లు, నెత్తికి ఉన్ని టోపీ.

"అమ్మా, నువ్వు ఓడలనే ఉండరాదే? గాలి మస్తుంది."

"గాలికేమైతదిరా? ఇంత దూరమొచ్చి ఊరు సూడొద్దా?"

గాలి నిజంగానే మస్తుగా ఉంది. మా దేశంలో పేరుమోసిన వెల్లింగ్టన్ గాలికి అక్కగారిలా ఉంది. సముద్రపు గట్టు మీద ఏదో నౌకాధిపతి కంచు విగ్రహం, దాని పక్కన వేయించిన బంగాళాదుంపల బండి. బండివాడు నవ్వుతూ ఎక్కడి నుంచి వచ్చారని ఇంగ్లిష్‌లో అడిగాడు.

"న్యూజిలాండ్!" అన్నారు జనార్దన్ గారు, ఛాతీ మీది ఆకు కనిపించేలా నిటారుగా నిలబడి.

బండివాడు ఆ ఆకును చూశాడు. వెనక ఉన్న చీరను చూశాడు. రెండు చేతులూ జోడించి, "నమస్తే!" అన్నాడు.

భాగ్యమ్మ గారి మొహం వికసించింది. "నమస్తే బిడ్డా, సల్లగుండు!" అన్నారు. జనార్దన్ గారి మొహం మాత్రం మాడిపోయింది.

"పాంటు ఏసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన్నే?" అన్నారు గొంతు తగ్గించి.

"ఏసుకుంటే ఏమైతుండెరా?"

ఆయన గబగబా ముందుకు నడిచారు.

దారిలో దాల్చినచెక్క వాసన వేసే జిగురు రొట్టెల దుకాణం కనిపిస్తే రాజశ్రీ, అక్షర ఆగిపోయారు. మేం ముగ్గురమే మిత్రమండలి గదికి చేరాం. గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు అన్నేకే. జుట్టు ముగ్గుబుట్టలా ఉంది, మనిషి మాత్రం చురుగ్గా ఉంది. జనార్దన్ గారి చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత ఆవిడ దృష్టి భాగ్యమ్మ గారి మీద పడింది.

"ఈవిడ మీ వాళ్ళేనా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

సరిగ్గా అప్పుడు జరిగిందండీ ఆ చారిత్రక సంఘటన! జనార్దన్ గారు ఒకసారి జెర్సీ చూసుకున్నారు. ఒకసారి చీర చూశారు.

"ఇండియన్ లేడీ," అన్నారు. "మా ఓడలోనే ఉన్నారు. పాపం ఇంగ్లిష్ రాదు. తప్పిపోతారేమోనని దారి చూపిస్తూ తీసుకొచ్చాను."

"ఎంత మంచి మనసండీ మీది! ఆవిడ భాష మీకొచ్చా?"

"అబ్బే, రాదు. సైగలతోనే."

అన్నేకే నా వైపు తిరిగింది. "మీకు?"

తెలుగులో ఎమ్మే పట్టా ఉన్నవాణ్ణి. సంఘం కార్యదర్శిని. అధ్యక్షులకు రాని భాష కార్యదర్శికి వస్తే ఏం మర్యాద? "ఏదో కొద్ది కొద్దిగా," అన్నాను.

భాగ్యమ్మ గారు కొడుకు మొహంలోకి ఒక్క క్షణం చూశారు. టోపీ సర్దుకుని లోపలికి నడిచి, మూల కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ఆక్లండ్ దగ్గరి టకానినిలో కొడుకు దగ్గరే ఏళ్ళ తరబడి ఉంటున్నారు. 'ఇండియన్ లేడీ' అంటే అర్థం కాకపోవడానికి అదేమన్నా కఠిన పదమా?

లోపల పదిపదిహేను మంది ముసలివాళ్ళు ఉన్నారు. కాఫీలు వచ్చాయి. జనార్దన్ గారు న్యూజిలాండ్ గురించి ఉపన్యసించారు. మా కొండలు, మా గొర్రెలు, మా రగ్బీ. గొర్రెల్ని ఆయన మోటారు దారి మీద కారు కిటికీలోంచి తప్ప చూడలేదని నాకు తెలుసు. అయినా వాళ్ళు చెవులప్పగించి విన్నారు. ఈలోగా రాజశ్రీ, అక్షర రొట్టెల పొట్లంతో వచ్చి భాగ్యమ్మ గారి పక్కన కూర్చున్నారు.

ఉపన్యాసం అయ్యాక అన్నేకే లేచింది. "మా అక్క మీ దేశంలోనే పెళ్ళి చేసుకుని అక్కడే కన్నుమూసింది," అంది. "నాకు వెళ్ళడం కుదరలేదు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా చివర్లో ఒక మావోరీ పాట పాడేది. ఆమె పోయాక ఆ భాష చెవిన పడలేదు. మీరు ఏదో ఒకటి, రెండు ముక్కలు, పాడతారా?"

న్యూజిలాండ్ మూలవాసుల మావోరీ భాషలో జనార్దన్ గారికి వచ్చింది 'కియ ఓర' అనే నమస్కారం ఒక్కటే. ఆఫీసు ఈమెయిళ్ళ పైన రాస్తారు. దాన్ని ఎంత సాగదీసినా పాట కాదు!

"ఓడలో ఏసీకి గొంతు పట్టేసింది," అన్నారు.

"ఫరవాలేదు, మెల్లగానే."

"అదీగాక..." ఆయన నుదురు తుడుచుకున్నారు. "మా న్యూజిలాండ్‌లో ఒక ఆచారం ఉంది. కాఫీ తాగిన వెంటనే పాడం. లేచి నిలబడి మౌనం పాటిస్తాం."

ఎంతటి ప్రతిభ! పాపం ఆ ముసలివాళ్ళందరూ నమ్మేశారు. కర్రలు పట్టుకుని, బల్లలు ఊతం చేసుకుని, ఒకరినొకరు లేపుకుని నిలబడ్డారు. తలలు వంచారు. నేనూ వంచాను. అక్షర ఒక్కతే వంచలేదు. తండ్రిని నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏందట సారూ? ఎవరన్న పోయిండ్రా?" అని భాగ్యమ్మ గారు నన్ను గుసగుసగా అడిగారు.

చెప్పాను. అన్నేకే అక్క సంగతి, పాట సంగతి.

"గంతేనా?" అంటూ ఆవిడ లేచారు. చెంగు భుజం మీద బిగించి, గొంతు సవరించుకుని, మావోరీలో పాట ఎత్తుకున్నారు!

నేను అబద్ధం చెప్పడం లేదండీ. జనగామ గొంతు, నాట్లేసే ఆడవాళ్ళ సాగదీత, మాటలు మాత్రం మావోరీ. రెండో చరణానికి అక్షర కూడా లేచి నాయనమ్మ పక్కన నిలబడి గొంతు కలిపింది. మౌనం పాటిస్తున్న జనార్దన్ గారు నిజంగానే మౌనంగా ఉండిపోయారు.

పాట అయ్యాక భాగ్యమ్మ గారు అన్నేకే దగ్గరికి వెళ్ళి, ఆవిడ భుజాలు పట్టుకుని, నుదురుకు నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి ఒక్క ఊపిరి పీల్చారు. మావోరీలు మనిషిని తమవాడిగా పలకరించే పద్ధతి అది. అన్నేకే ఏడ్చేసింది. భాగ్యమ్మ గారు చెంగుతో ఆవిడ కళ్ళు తుడిచారు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాను.

"మా పక్కింటి మేరమ్మ నేర్పింది. బుధారం బుధారం వాళ్ళ సభకు తోల్కపోతది. నేను గోంగూర పట్కపోత, ఆమె కుమరగడ్డ ఇస్తది."

మేరమ్మ అంటే మెరె అనే మావోరీ ముసలమ్మ అనీ, కుమరగడ్డ అంటే అక్కడి చిలగడదుంప అనీ అక్షర చెప్పింది.

జనార్దన్ గారు బిత్తరపోయారు. తల్లి పగలంతా సీరియల్స్ చూస్తుందని ఆయన నమ్మకం. "అక్షూ, నీకు తెలుసా?" అని నోటితో కాకుండా కళ్ళతో అడిగారు.

"డాడ్, ఎవ్రీబడీ నోస్," అంది అక్షర, ఆయన చెవిలో.

భాగ్యమ్మ గారిది ఏ ఊరో అడగమని నాకు చెప్పింది అన్నేకే. అడిగాను.

"టకానిని," అన్నారు భాగ్యమ్మ గారు.

"మా అక్కది పాపకురా!"

"అయ్యో, పాపకూరనా? మా పక్కనే గదా!"

వినడానికి వంటింటి వ్యవహారంలా ఉన్నా, అది టకానినికి ఆనుకున్న ఊరే. ఆ ఒక్క మాటతో గదిలో సంబరం మొదలైంది. "ఈవిడ న్యూజిలాండ్ మనిషే! అసలైన మనిషి!" అని ఇంగ్లిష్‌లోనూ డచ్చిలోనూ కేకలు. అన్నేకే జనార్దన్ గారిని జాలిగా చూసింది. "పాపం మీకు భాష రాక పొరబడ్డారు."

తర్వాత ఆవిడ తన మెడలోని వెండి బిళ్ళ తీసి భాగ్యమ్మ గారి స్వెట్టరుకు పెట్టింది. ఆ సీమవాళ్ళు తరతరాలుగా పెట్టుకునే, వెండి తీగతో అల్లిన బొత్తాం అట. ఫొటో తీస్తాం, కుటుంబం అంతా రండి అన్నారు. రాజశ్రీ వచ్చింది. అక్షర వచ్చింది. జనార్దన్ గారూ వచ్చారు. కెమెరా పట్టుకున్నాయన మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు కుటుంబం సార్. అతిథులు తర్వాత."

"నేను కుటుంబమే!"

కెమెరా ఆయన అన్నేకేని చూశాడు. అన్నేకే నన్ను చూసింది. "ఈయన తనకేమవుతారో ఆవిడనే అడగండి," అంది.

అడగక తప్పింది కాదు. "భాగ్యమ్మ గారూ, ఈయన మీకేమవుతారని అడుగుతున్నారు."

ఆవిడ కొడుకును కిందినుంచి పైదాకా నిదానంగా చూశారు.

"పొద్దుగాల సంది నాకు తొవ్వ సూపెడ్తుండు. మంచి పిలగాడే. వాళ్ళమ్మ ఎవరో గాని, మస్తు కష్టపడి సదివిచ్చినట్టుంది."

రాజశ్రీ మొహం అటు తిప్పుకుంది. నేను అనువదించాను, మాటకు మాట. నా జీవితంలో అంత నిజాయితీగా చేసిన అనువాదం ఇంకోటి లేదు.

"అమ్మా!" అని అరిచారు జనార్దన్ గారు. "గట్లంటవేందే? నేనే గదనే నీ కొడుకును! తప్పైందే, అందరి ముందు ఇజ్జత్ తియ్యకే!"

ఇంగ్లిష్ ముక్క ఒక్కటి లేదు. పొల్లు పోని జనగామ తెలుగు. అన్నేకే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది.

"పొద్దున ఒక్క మాట రాదన్నారు! ఒక్క పూటలో ఎంత చక్కగా పట్టేశారు! న్యూజిలాండ్ వాళ్ళు భాషల్లో ఇంత గట్టివాళ్ళా?"

చప్పట్లు! జనార్దన్ గారి మాటలకు ఎప్పుడూ వచ్చేవే. ఈసారి ఆయన తల ఎత్తలేదు. జెర్సీ అంచు పట్టుకుని నలుపుతూ నిలబడ్డారు. ఆ నిలబడడం చూస్తే నాకే జాలేసింది. భాగ్యమ్మ గారు ఆయన చెయ్యి పట్టి పక్కకు లాక్కున్నారు.

"సర్లే, రా. ఇట్ల నిలబడు. కండ్లు తుడుసుకో, ఫొటో కరాబైతది."

ఓడకు తిరిగి వెళ్ళేటప్పుడు తల్లీకొడుకులు ముందు నడిచారు. ఆయన ఏదో చెబుతూ ఉన్నారు. గాలికి నాకు వినిపించలేదు. వినిపించినా రాయను.

కథ ఇక్కడ ముగిస్తే మనుషులు మారతారన్న నమ్మకం మిగిలేది. కానీ తిరిగొచ్చిన నెలలోనే బోటనీ డౌన్స్ హాల్లో "యూరప్‌లో సత్కారం పొందిన తెలుగు తల్లి"కి సన్మానం ఏర్పాటు చేశారు జనార్దన్ గారు. కుర్చీలు నేనే సర్దాను. మైకు షరా మామూలుగా కీచుమంది.

"ఆ పరాయి రేవులో, ఆ విదేశీయుల మధ్య, ఈమె ఎవరని నన్నడిగారు," అన్నారాయన గద్గదంగా. "నేను తల ఎత్తి చెప్పాను, ఈమె మా అమ్మ అని!"

హాలు లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు. రాజశ్రీ నేల చూపులు చూస్తోంది. అక్షర సీసా ఎత్తి నీళ్ళు తాగుతోంది. మైకు భాగ్యమ్మ గారి చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ శాలువా సర్దుకుని, కొడుకు వైపు ప్రేమగా చూశారు.

"నిజమే, చెప్పిండు బిడ్డ," అన్నారు. "జర లేటయ్యింది, గంతే."