చూడకుండా రాసిన అధ్యాయం

ఆదివారం పొద్దున్నే మొగుడు కాఫీ కలిపి మంచం దగ్గరికి తెచ్చాడంటే ఏ భార్యకైనా రెండు అనుమానాలు రావాలి. ఏదో పగలగొట్టి ఉంటాడు, లేదా పగలగొట్టబోతున్నాడు. ఎక్స్‌రేగారికి రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పైకి కనబడేదాన్ని నమ్మకపోవడం ఆవిడ ఉద్యోగధర్మం. అందుకే కాఫీ తాగకుండా ముందు సాసర్ ఎత్తి చూసింది. కింద మడతపెట్టిన కాగితం.

"ఏమిటిది?"

"ఏం లేదోయ్, చిన్న సంతకం. కాఫీ చల్లారిపోతోంది, పెట్టేయ్."

"కాఫీ చల్లారిపోతుంటే తాగమంటారు గానీ, సంతకం పెట్టమంటారా ఎవరైనా?" అంటూ కాగితం విప్పి పైకే చదివింది. "'నేను రాసినదాని మీద నాకున్న సమస్త హక్కులనూ శాశ్వతంగా, విశ్వమంతటా మా ఆయనకు రాసిచ్చేస్తున్నాను.' విశ్వమంతటానా? అంటే చంద్రమండలం వెళ్లినా నాకు దిక్కులేదన్నమాట!"

"అది లాయరు భాషోయ్. పట్టించుకోకు."

సంగతేమిటంటే, ఇంట్లో ఫోటోలు సర్దిపెట్టుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, బాగుచెయ్యవచ్చు. దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్‌ను ఈయన మొదలుపెట్టాడు. మొదలుపెట్టాడు, అంతే. రాసింది జనం. బస్సు డ్రైవరు, పంతులమ్మ, పళ్ల డాక్టరు, ఎవరికి తెలిసిన ముక్క వాళ్లు రాసి పంపారు. వాటిలో కామాలు సరిచేసీ చేసీ ఈయన 'కామాగారు' అయ్యాడు.

'పోయిన ఫోటోలను తిరిగి తెచ్చుకోవడం' అనే అధ్యాయం ఎక్స్‌రేగారిది. ప్రతి అడుగూ తానే చేసి చూసి, తప్పితే మళ్లీ చేసి రాసింది. "పోయిన మా అమ్మ ఫోటో దొరికింది తల్లీ" అని ముక్కూమొహం తెలియని మనిషెవరో రాసినప్పుడు ఆవిడ కాళ్లు నేలమీద ఆనలేదు.

ఇప్పుడొక ప్రచురణకర్త ఆ మాన్యువల్‌ను అచ్చువేస్తానన్నాడు. షరతు ఒకటే: రాసినవాళ్లందరూ తమ హక్కులు కామాగారికి రాసివ్వాలి.

"అట్ట మీద ఎవరి పేరుంటుంది?" ఎక్స్‌రేగారు అడిగింది.

"ఒక్క పేరే ఉంటే అందంగా ఉంటుందని వాళ్లు..."

"ఎవరిదండీ అంత అందమైన పేరు?"

కామాగారు కిటికీ వైపు చూశాడు.

"పోనీ, లోపల మా పేర్లు?"

"స్థలం చాలదట."

ఊరికే పని చేసిపెట్టినవాడి పేరు లేపెయ్యడానికి లోకమంతా చెప్పే సాకు ఇదే. ప్రకటనకు స్థలం ఉంటుంది, ఖాళీ పేజీలకు కూడా స్థలం ఉంటుంది, చెమటోడ్చిన మనిషి పేరుకు మాత్రం ఉండదు.

"మొదటి పేజీలో లైసెన్స్ పెట్టింది మీరే కదండీ!" అంది ఆవిడ. "ఎవరి రాత మీద హక్కు వాళ్లదే. ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల పేర్లుంచాలి, తర్వాతివాళ్లకూ ఇదే అనుమతి ఇవ్వాలి. అది చూసే కదా మేమంతా రాశాం?"

"అప్పుడేదో కుర్రతనం."

"నాకింకా పోలేదు. సంతకం పెట్టను."

హాల్లోంచి కామాగారి అత్తగారి గొంతు వినబడింది. ఫోటోలోని మొహాలకు పేర్లు ఎలా తగిలించాలో రాసిన పేజీ ఆవిడదే. "అల్లుడుగారూ! నా పేజీకి కాఫీ ఏదీ?"

కామాగారికి రోషం పొడుచుకొచ్చింది. "అక్కర్లేదు! మీ ఇద్దరివీ పీకేసి నేనే కొత్తగా రాస్తాను. చూసి రాస్తే కాపీ అంటారు. చూడకుండా రాస్తే ఎవడేమంటాడు?" అని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

పోయిన ఫోటోను తేవడమెలాగో రాయాలంటే ముందొక ఫోటో పోవాలి. ఆ మొదటి సగం ఆయనకు అద్భుతంగా వచ్చింది. రెండో సగం కోసం కనబడిన మీటల్లా నొక్కాడు. భోజనాల వేళకు తలుపు జానెడు తెరుచుకుంది.

"ఏమోయ్, మన పెళ్లి ఫోటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహం కాదే అది!"

"మనకు పెళ్లయినట్టు కంప్యూటరు ఒప్పుకోవడం లేదు."

"అలాగా! పొద్దున్నే చెబితే అప్పుడే పెట్టె సర్దుకునేదాన్ని కదా!"

పైకలా అంది గానీ, కాలం చేసిన తన నాన్న ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. అయినా తన అధ్యాయం మీద తనకు నమ్మకం.

"వచ్చి కాస్త తీసిపెట్టవోయ్."

"నేనెందుకు? అధ్యాయం ఉందిగా. చదువుకోండి, ఉచితం."

"చదివితే చూసినట్టే కదా! ఇక కొత్తగా రాయడానికి వీల్లేదు!"

"చూస్తే కాపీ, చూడకపోతే ఖాళీ. పాపం అల్లుడుగారు!" అంది అత్తగారు, కూర వడ్డించుకుంటూ.

గత్యంతరం లేక కామాగారు చదివాడు. ఎక్స్‌రేగారు చేతులు కట్టుకుని వెనక నిలబడింది. మొదటి వాక్యమే, 'ముందు ఏదీ నొక్కకండి.'

"ఇది నన్ను చూసి రాశావా?"

"మరెవరిని చూసి రాశాననుకున్నారు?"

ఆయన ఒక్కో అడుగూ వేస్తుంటే ఫోటోలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పెళ్లి వచ్చింది. నాన్న నవ్వుతూ వచ్చాడు. అత్తగారు వడ్డన ఆపి కళ్లజోడు తుడుచుకుంది.

సిగ్గున్న మనిషైతే అక్కడితో ఆగేవాడు. కామాగారు మాత్రం, "మాటలు అటూ ఇటూ మారిస్తే సరిపోదూ?" అని వచ్చే ఆదివారం రమ్మని ప్రచురణకర్తకు ఫోన్ చేశాడు. అది విన్న ఎక్స్‌రేగారు తానూ ఫోన్ తీసి డ్రైవరుకు, పంతులమ్మకు, పళ్ల డాక్టరుకు, రాసినవాళ్లందరికీ కబురు పెట్టింది. తలా ఒక చెయ్యి వేశారు. వీధి చివరి ప్రెస్సు వారమంతా తిరిగింది.

ఆదివారం ప్రచురణకర్త సంచీ తెరవబోతుంటే ఎదురుగా టేబుల్ మీద పుస్తకం. అట్ట నిండా పేర్లే.

"ఎవరి అనుమతితో వేశారమ్మా?"

"ఈయన అనుమతితోనే."

కామాగారు కుర్చీలోంచి ఎగిరాడు. "నేనెప్పుడిచ్చాను?"

"మొదటి పేజీలో. మేం మా రాత మీకిచ్చినట్టే మీరూ మీ రాత అందరికీ ఇచ్చారు. మీ పేరూ వేశాం, చూసుకోండి."

"మరి నేనేం వేసుకోవాలి?" అన్నాడు ప్రచురణకర్త.

"ఇదే వేసుకోండి, మేం ఆపం. పేర్లన్నీ ఉంచండి. మీ పుస్తకాన్ని ఇంకొకరు కాపీ చేసుకుంటామంటే కాదనకండి."

ఆయన ఆలోచించి చెబుతానని లేచాడు. గేటు దాటేవరకూ ఆలోచిస్తున్నట్టేమీ కనబడలేదు.

మర్నాడు లైబ్రరీ హాల్లో పుస్తకాలు పెట్టారు. కట్టలు మోసే పని కామాగారిది. ఒక పెద్దావిడ పుస్తకం తిరగేసి ఆయన్ను ఆపింది.

"దీన్ని రాసింది మీరేనా బాబూ?"

కామాగారు నోరు తెరిచాడు. టేబుల్ అవతల డ్రైవరు, పంతులమ్మ, పళ్ల డాక్టరు మాటలాపారు. అత్తగారు కళ్లజోడు పైకి తోసుకుంది. ఎక్స్‌రేగారు చూస్తోంది.

"రాసినవాళ్లలో ఒకణ్ణండీ," అన్నాడు ఆయన, కట్ట దించుతూ. "పోయిన ఫోటోల సంగతైతే అదిగో, ఆవిణ్ణడగండి."

ఎక్స్‌రేగారు పెద్దావిడ కోసం పక్క కుర్చీ లాగింది.

"కూర్చోండి. చెప్పండి, ఏం పోయాయి?"