మాగ్డెబర్గ్ మహానగరాన పప్పుగుత్తి విజయం

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పినా, కథ మెల్లగా నడిచినా చదివేవారు మన్నించాలి. హరికథలు మాత్రం చిన్నప్పటి నుంచీ విన్నాను కాబట్టి ఆ ఫణితిలోనే చెబుతాను.

ఎల్బె నదీతీరాన, హిమధవళ శోభితమైన మాగ్డెబర్గ్ మహానగరాన, మూడో అంతస్తు వంటింటి రణభూమిలో, కందిపప్పు కుతకుతలాడుతూ కయ్యానికి కాలుదువ్వుతున్న ఒకానొక ఆదివారపు మధ్యాహ్నాన, అనేక పప్పుసమర విజేత, టేకువంశ సంజాత, మత్కరాలంకార అయిన నా పప్పుగుత్తి పిడి నిలువునా చీలింది!

"ఇంక పారేయండి అమ్మమ్మగారూ! నా మిక్సర్ ఉందిగా, ఒక్క నొక్కు నొక్కితే సరి" అంటూ మనవడి భార్య రిషిత కరెంటు మిక్సర్‌ను గదలా ఎత్తింది. ఆ యంత్రరాక్షసి తిప్పిన పప్పు గోడకు వేసే సున్నంలా ఉంటుంది. గుత్తి ఓడిందా, ఈ ఇంట మెదిపిన పప్పుకు నూకలు చెల్లినట్టే.

అంతట లేచాడు నా మనవడు విక్రాంత్. పాత ఇళ్ల దూలాలకు కార్బన్ నారబట్ట అంటించి బలం పోసే విద్యను యూనివర్సిటీలో అభ్యసిస్తున్న దారుతంతు సంధాన ధురంధరుడు.

"దూలాలనే నిలబెట్టే నారతో ఈ గుత్తిని వజ్రకాయం చేస్తాను! చేయలేకపోతే ఈ ఇంట మళ్లీ పప్పు అడగను!" అని భీకర ప్రతిజ్ఞ చేసి, పిడికి నల్లని నారబట్ట చుట్టి జిగురు పట్టించాడు. మర్నాటికి కట్టు రాయిలా బిగిసింది. ఉడుకుతున్న పప్పులోకి గుత్తి దించాను. ఆవిరి ఎగసింది. కట్టు మెత్తబడి, జారిన మేజోడులా నా గుప్పిట్లోకి వచ్చేసింది.

రిషిత పడీపడీ నవ్వింది. "ఇంజనీరుగారూ, ఇళ్లూ ఇలాగే నిలబెడతారా?"

"మా దూలాలు పప్పులో ఉడకవు కదే!" అన్నాడు వీరుడు తల గోక్కుంటూ. "చల్లటి గదిలో ఆరిన జిగురు వేడి తగిలితే మెత్తబడుతుంది. అమ్మమ్మా, పప్పు చల్లారాక మెదపకూడదూ?"

"చల్లారితే గడ్డ కడుతుందిరా. నేను వండేది నీకా, నీ జిగురుకా?"

ఆ వాగ్బాణానికి వీరుడి బుర్ర వెలిగింది. "అయితే జిగురుకే ముందుగా వేడి మప్పుదాం. ఒక్కసారిగా కాల్చకూడదు, కర్రలో తేమ ఆవిరై బుడగలు లేస్తాయి. సన్నగా కాగాలి. కానీ ల్యాబ్‌లో ఓవెన్ వాడుకోవడానికి టెర్మిన్, అదే మన వంతు, దొరకలేదే!"

ఇంటిని వెచ్చబెట్టే హైట్సుంగ్ ఉండగా ల్యాబ్ ఎందుకు? పిడికి మళ్లీ కట్టు వేయించి, అది ఆరాక, నా ఉన్నిశాలువా కప్పి, ఆ ఇనుప సింహాసనం మీద గుత్తిని పవళింపజేశాను.

"ఇక్కడ ఆరేసిన నా గ్లౌజులేవీ?" అని రిషిత కేక.

"రణరంగం వదిలి పారిపోయాయమ్మా" అన్నాను.

తెల్లవారింది. పప్పు పొంగింది. ఆవిరి బుసకొట్టింది. ఎడాపెడా తిప్పాను, కుమ్మాను, నూరాను. కట్టు కదల్లేదు! శత్రువైన అగ్నిదేవుడే జిగురుకు గురువయ్యాడు. కందిసేన సగం మెదిగి, సగం పలుకై శరణు వేడింది. నెయ్యి వేసి కలిపి రిషిత నోటికి ముద్ద అందించాను. ఆమె నమిలింది. విక్రాంత్ ఊపిరి బిగబట్టాడు.

"ఇంకో ముద్ద పెట్టండి, అమ్మమ్మగారూ" అంది.

దిక్కులారా వినండి! జర్మనీ దేశాన ఒక గిన్నెడు పప్పు మెదిగింది!

బాలామణి, డెబ్బై మూడేళ్లు, ప్రస్తుతం మాగ్డెబర్గ్.