నలభై తెల్ల గౌన్లు

ఆ రోజు పొద్దున్నే జువాలజీ మాస్టారు కొలత టేపు జేబులో వేసుకుని, చొక్కాకి మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నారు. ఆ క్రైస్తవ కళాశాలలో విద్యార్థుల దుస్తుల కమిటీకి అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు అన్నీ ఆయనే. పిల్లలు చాటుగా టేపు మాస్టారంటారు. కొత్త వైస్ ప్రిన్సిపాల్ ఎవరో ఆ రోజే బిషప్ గారు వచ్చి తేల్చబోతున్నారు.

"మీకే వస్తోందని మా అక్కకి చెప్పేశాను," అంది భార్య.

"రాకముందే ఎందుకు చెప్పావు?"

"వచ్చాక చెబితే గొప్పేముంది?"

ఇక పదవి రాకపోతే వదినగారికి మొహం చూపించలేరు. పదిహేనేళ్లుగా మోకాళ్లూ మోచేతులూ కప్పించడానికి పాటుపడుతున్న మనిషి, పాపం.

పథకం తేలికైనదే. గేటు దగ్గర నిలబడి, నిబంధనలకు సరిపోని బట్టలేవీ లోపలికి రానివ్వకూడదు. ఆడపిల్లల సంగతి చూడటానికి లైబ్రేరియన్ మేడంని తోడు తెచ్చుకున్నారు. మొదట వచ్చినవాడి ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గరా చిరిగి ఉంది.

"ఏమిట్రా ఇది?"

"కొన్నప్పుడే ఇలా ఉంది సార్. ఇలా ఉన్నందుకే రేటెక్కువ."

ఇంటికి తరిమేద్దామంటే, బిషప్ గారొచ్చేసరికి ప్రార్థన జరిగే చాపెల్ నిండుగా కనిపించాలని ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ. మాస్టారు బుర్ర గోక్కున్నారు. చాపెల్ బీరువాలో వేలాడుతున్న, కీర్తనలు పాడే క్వయర్ వాళ్ల గౌన్లు గుర్తొచ్చాయి. తెల్లనివి, మెడ నుంచి మడమల దాకా ఉంటాయి. ఒకటి తెచ్చి వాడికి తగిలిస్తే, ఆ తుంటరి వెధవ కాస్తా దేవదూతలా తయారయ్యాడు.

ఉపాయం పారింది. చేతుల్లేని చొక్కాకి ఒక గౌను, బొమ్మల టీషర్టుకి ఒక గౌను. సంగతి హాస్టల్ దాకా పాకింది. ఏం వేసుకెళ్లినా పైన గౌను కప్పుతారని తెలిశాక బట్టలు మార్చుకునే ఓపిక ఎవరికుంటుంది? పడుకున్న నిక్కర్లతోనే దిగారు. తొమ్మిదిన్నరకల్లా నలభై గౌన్లూ అయిపోయాయి.

"మరి క్వయర్ వాళ్లొస్తే ఎలా సార్?" అన్నారు లైబ్రేరియన్ మేడం.

"వాళ్లు బుద్ధిమంతులు మేడం. వాళ్ల బట్టలకి ఢోకా లేదు."

క్వయర్ రానే వచ్చింది. పైన ఎలాగూ గౌను ఉంటుంది కదా అని, వాళ్లు ఏళ్ల తరబడి లోపల ఏది చల్లగా ఉంటే అది వేసుకొస్తున్నారు. ముందు నిలబడ్డ లీడరమ్మాయి చేతుల్లేని బనీను, పొట్టి నిక్కరుతో ఉంది.

"మా గౌన్లేవి సార్?"

"ముందు మీ బట్టలేవమ్మా?"

అంతలో బిషప్ గారి కారు హారన్ వినిపించింది. మాస్టారు క్వయర్ నలభై మందినీ చాపెల్ పక్కనున్న జువాలజీ ల్యాబులోకి తోసి, గడియ పెట్టి, చెమటలు తుడుచుకుంటూ పరుగెత్తారు.

చాపెల్లో ముందు వరసల నిండా తెల్ల గౌన్లు చూసి బిషప్ గారి కళ్లు చెమర్చాయి. "ఇంతమంది పాడేవాళ్లా? ఏదీ, ఒక కీర్తన అందుకోండి," అన్నారు మైకులో.

గౌన్లవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిరుగుల ప్యాంటువాడు నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. వదినగారు కళ్ల ముందు మెదిలారు. మైకులో ఆ మాట గోడ అవతల క్వయర్‌కి కూడా వినపడింది. ల్యాబులో ఉన్నామన్న సంగతి మరిచి, అలవాటు కొద్దీ అందుకున్నారు. పాట కిటికీల్లోంచి కమ్మగా వచ్చింది. చాపెల్లో నలభై నోళ్లు గబగబా కదిలాయి. మాస్టారు కూడా తన నోరు కదిపారు.

"ఇదంతా ఎవరి కృషి?" అని అడిగారు బిషప్ గారు. ప్రిన్సిపాల్ గారు ఎందుకైనా మంచిదని మాస్టారి వైపు వేలు చూపించారు.

"వైస్ ప్రిన్సిపాల్ మీరేనండీ," అని బిషప్ గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. "ఎంత పద్ధతిగా ఉన్నారు పిల్లలు. సోమవారం నుంచి కాలేజీ అంతటికీ ఇవే గౌన్లు. ఇక ఆ దుస్తుల కమిటీతో పనేముంది, తీసేయండి."

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సోమవారం నుంచి ఆ కాలేజీలో లోపల ఎవరేం వేసుకొస్తున్నారో దేవుడొక్కడికే తెలుసు.