పరిణతి చెందిన డుబుక్

కళలు, గుర్రప్పందేలు, వరద పునరుద్ధరణ శాఖల మంత్రి గౌరవనీయ డెస్మండ్ ప్రిచర్డ్ గారు ఆగస్టు నెల రెండో మంగళవారం ఉదయం పదిన్నరకు కలూంబా మునిసిపల్ ఈతకొలను గట్టు మీద నిలబడి, రాష్ట్ర చరిత్రలోనే మొట్టమొదటి ప్రభుత్వ ధ్రువీకృత పరిణత పాప్ ఆల్బం రాబోతున్నదని ప్రకటించారు. పరిణతి అంటే ఏమిటని ఒక విలేకరి అడిగాడు. వచ్చినప్పుడు మీకే తెలుస్తుందన్నారు మంత్రిగారు. ఆ జవాబు లోతు అందక విలేకరులందరూ దాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నారు.

ఆల్బం పాడవలసిన తమ్సిన్ హాలోరన్‌కి కూడా ఈ సంగతి అప్పుడే తెలిసింది. చిన్న గ్రాంటు కోసం పెట్టుకున్న దరఖాస్తులో ఒక సంతకం తక్కువైందని కబురొస్తే, ఆమె పని మధ్యలో ఏప్రన్ విప్పకుండానే వచ్చింది. సంతకం చేయడానికి బల్ల కనబడలేదు. మంత్రిగారు క్షణం ఆలోచించకుండా వంగి తన వీపునే బల్లగా ఇచ్చారు. ప్రజాసేవ అంటే అదీ. ఫొటో కూడా బాగా వచ్చింది. కాగితంలోని పద్నాలుగో నిబంధన మాత్రం ఆయన కోటు మడతలో పడి ఎవరికీ కనబడలేదు.

తమ్సిన్ పదిహేడేళ్ల వయసులో 'డుబుక్' అనే పాట పాడింది. ముక్కు మూసుకో, మోకాళ్లు ముడుచుకో, డుబుక్కున దూకెయ్. అంతే పాట. ఆ వేసవిలో దేశమంతా ముక్కు మూసుకుని దూకింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఆ పాటకి ఎగరకుండా ముగిసిన పెళ్లి విందు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడామెకి నలభై ఒకటి. కలూంబా సూపర్ మార్కెట్‌లో చీజ్, హామ్ కోసి తూచే కౌంటర్లో పని. రెండొందల గ్రాములు తూచమన్నవాళ్లు తూచాక, "ఏదీ తల్లీ, ఒక్కసారి దూకు" అంటారు. కుడి మోకాలు అరిగిపోయిందని డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసి, ఏ దూకుడు వల్ల అరిగిందో ఒకసారి చేసి చూపించమన్నాడు.

అయిదేళ్లు కూర్చుని ఆమె ఎనిమిది పాటలు రాసుకుంది. వాటిలో ఎక్కడా నీళ్లలో దూకడం లేదు. ఒకటి, కుక్కని వదిలేసి, కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు కారవాన్ పట్టుకుపోయిన మొగుడి మీద. అందులో ఆమె ఏడ్చింది కారవాన్ కోసమే. నాలుగోది వాళ్ల నాన్న మీద. ఆయన ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఈతకొలను పంపు చూసుకున్నాడు. పోయే ముందు ఆసుపత్రిలో కూతురి పేరు మరిచిపోయాడు గానీ, పంపు మాత్రం మరిచిపోలేదు. ఈ ఎనిమిదీ ఒక్కసారి, దూకకుండా, ఎవరైనా వినేలా పాడాలన్నది ఆమె కోరిక. అందుకే ఆ దరఖాస్తు.

శాఖ తరఫున గ్వెండా పాస్కో అనే సీనియర్ అధికారిణి ఈ పరిణతికి ఇన్‌చార్జిగా వచ్చింది. మనిషి సన్నగా, ఫైలు లావుగా ఉంటారు. పదిహేడేళ్ల సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టలేదని పేరు. ఆమె మొదట, పెద్దవాళ్లు పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడుకునే లాన్ బౌల్స్ క్లబ్బులో ప్రజాసంప్రదింపుల సభ పెట్టింది. ముప్పై ఇద్దరు పెద్దలొచ్చి, టీ తాగి, ఆల్బం పరిణతిగా ఉండవలసిందేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తర్వాత క్లబ్బు అధ్యక్షురాలు థెల్మా లేచి, ఒక చిన్న సవరణ ప్రతిపాదించింది.

"విచారంగా ఉంటే నాకేం అభ్యంతరం లేదమ్మా తమ్సిన్. మాకూ విచారాలున్నాయి. కాకపోతే విచారం మధ్యలో ఎక్కడో ఒకచోట, వీలు చూసుకుని, నువ్వొకసారి దూకావనుకో, మాకు తేలిగ్గా ఉంటుంది."

సవరణ నెగ్గింది. మరుసటి వారం కారవాన్ యజమానుల సంఘం నుంచి ఆక్షేపణ వచ్చింది. కారవాన్లని కాపురాలు కూలడంతో ముడిపెట్టడం పర్యాటక రంగానికి మంచిది కాదట. పాటలో 'కారవాన్' తీసేసి 'వాహనం' పెట్టమని గ్వెండా సూచించింది. ఆ తర్వాత వాహన డీలర్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడు దాన్ని 'వస్తువు' చేశారు. కుక్కల తరఫున ఎవరూ రాయలేదు కనుక కుక్క మిగిలింది.

ఇంత శ్రద్ధగా పని నడుస్తుండగా, సెప్టెంబరు చివరి ఆదివారం ముఖ్యమంత్రిగారు ఎన్నికలు ప్రకటించారు. ఆ క్షణం నుంచి ప్రభుత్వం ఆపద్ధర్మ ప్రభుత్వమైపోయింది. అంటే కొత్త పని మొదలుపెట్టకూడదు, జరుగుతున్న పని ఆపకూడదు. తెల్లారేసరికి గ్వెండా ఫైలుతో సహా క్లబ్బుకొచ్చింది. క్లబ్బు వెనక గదిలో క్లెమ్ అనే ఆయన మైకులు సర్దుతున్నాడు. ఊళ్లో ఫ్రిజ్‌లు, శీతల గిడ్డంగులు బాగుచేసే మనిషి. పాటలు రికార్డు చేయడం ఆయన సరదా. తమ్సిన్ అప్పుడే గొంతు సవరించుకుంటోంది.

"ఈ ఎనిమిదీ కొత్త పాటలు. కొత్తవి కుదరవు" అంది గ్వెండా.

"కొత్తవంటే? అయిదేళ్ల కిందటివి ఇవి."

"అలా కాదు. మంత్రిగారి ప్రకటనలో పేరు లేనిదల్లా కొత్తదే."

"ప్రకటనలో ఏ పాట పేరుంది?"

గ్వెండా ప్రకటన తీసి, వేలు పెట్టి వెతికింది. "డుబుక్ గాయని తమ్సిన్ హాలోరన్, అని ఉంది. కాబట్టి డుబుక్ ఉంది."

"అయితే ఆల్బం ఆపేయండి."

"ఎలా ఆపుతాం? జరుగుతున్న పని కదా."

చివరికి ఫోనులో మంత్రిగారినే అడిగారు. గొప్ప నాయకులకీ మామూలు జనానికీ తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది. అధికార యంత్రాంగమంతా తల పట్టుకున్న చిక్కుని ఆయన ఒక ఊళ్లోంచి ఇంకో ఊళ్లోకి కారులో వెళుతూ, మాంసం కూరిన 'మీట్ పై' తింటూ విప్పేశారు.

"ఎనిమిదీ డుబుక్‌లే పాడెయ్ తమ్సిన్. ఒకదాని కంటే ఒకటి నెమ్మదిగా పాడు. నెమ్మదిగా పాడితే అదే పరిణతి కదమ్మా."

తమ్సిన్ ఏప్రన్ జేబులోంచి, ఈతకొలను దగ్గర సంతకం పెట్టిన ఒప్పందం తీసి, ఈ పనే వద్దని చెప్పడానికి దారి వెతికింది. అప్పుడు కనబడింది పద్నాలుగో నిబంధన. దరఖాస్తుతో ఇచ్చిన ఎనిమిది పాటలూ ఆల్బం విడుదలయ్యేదాకా శాఖ సంరక్షణలో ఉంటాయి. ఆల్బం విడుదల కాకపోతే పదేళ్లు. అప్పటిదాకా ఆమె వాటిని బయట ఎక్కడా పాడరాదు. పదేళ్లంటే యాభై ఒకటి. మోకాలి సంగతి ఎలా ఉన్నా, గొంతు అప్పటికి ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు.

గ్వెండా వెళ్లిపోయాక క్లెమ్ ఒక స్టూలు లాగి కూర్చున్నాడు. ఆయన వైర్లు చుడుతూ మాట్లాడతాడు. అలా మాట్లాడితేనే ఆయనకి మాటలొస్తాయి.

"అమ్మడూ, పైన 'డుబుక్' అని రాస్తే సరిపోతుందా వాళ్లకి?"

"సరిపోతుందనుకుంటా."

"అయితే లోపల నీ పాటలు పాడు. కారవాన్ని కారవాన్‌గానే పాడు."

"వింటే?"

"ఎవరు?"

ఇద్దరూ కలిసి లెక్కేశారు. మంత్రిగారు వినరు, ఆయనకి ఎన్నికలు. ఆయన కార్యదర్శి వినడు, ఆయనకి మంత్రిగారు. ఆల్బంని ఆమోదించే శాఖ సలహా సంఘంలో ఏడుగురున్నారు. వాళ్లు ఒకరు విన్నారని ఇంకొకరు అనుకుంటారు. పత్రికల వాళ్లకి మంత్రిగారి కార్యాలయం నుంచి రాసిపెట్టిన మాటలొస్తాయి. గ్వెండా దగ్గర కాసేపు ఆగారు. ఆవిడ కాగితాలు చదువుతుందే గానీ పాటలు వినదు కదా, అనుకుని ఆమె పేరూ కొట్టేశారు. ఇక మిగిలింది జనం. జనం పేరు చెప్పేసరికి తమ్సిన్ ముఖం విచ్చుకుంది.

"జనం వింటారు క్లెమ్. అందుకే కదా ఇదంతా."

క్లెమ్ వైరు చుట్టడం పూర్తిచేశాడు.

రికార్డింగ్ ఆరు రోజుల్లో అయిపోయింది. నాలుగో పాట ఒక్క టేకులో వచ్చింది. అది పాడుతున్నంతసేపూ పక్కగదిలో బౌల్స్ వాళ్ల ఫ్రిజ్ మోగుతూనే ఉంది. క్లెమ్ దాన్ని ఆపలేదు, పంపు చప్పుడులా ఉందన్నాడు. డిస్కు పెట్టె మీద 'డుబుక్, ఒకటో రకం' నుంచి 'డుబుక్, ఎనిమిదో రకం' దాకా ముద్రించి పంపారు.

మూడు రోజుల్లో శాఖ నుంచి ఆమోదం వచ్చింది. సలహా సంఘం చాలా సంతోషించింది. ఒకే పాటను ఎనిమిది రకాలుగా విన్నా విసుగు రాకపోవడం విశేషమని రాసింది. ఆరో రకంలో దూకడం మరింత బాధ్యతాయుతంగా ఉందట. నాలుగో రకంలో డుబుక్ చప్పుడు కొంచెం ఆలస్యంగా వస్తోందని ఒక సభ్యుడు గుర్తించాడు గానీ, పరిణతిలో అది సహజమేనని మిగతా ఆరుగురూ ఆయనకి నచ్చజెప్పారు. రాజధాని పత్రిక ఒకటి ఏకంగా 'నీరు అదే, లోతు వేరు' అని శీర్షిక పెట్టింది.

విడుదల పోలింగ్ శనివారం నాడు, కలూంబా ప్రాథమిక పాఠశాల దగ్గర. ఓటెయ్యకపోతే జరిమానా ఉన్న దేశం కనుక జనానికి లోటుండదు. ఓటేసినవాళ్లు బ్రెడ్డులో సాసేజ్, ఉల్లిపాయ పెట్టించుకుని తినకుండా ఇంటికి పోరు. ప్రచార సామగ్రి పోలింగ్ గుమ్మానికి ఆరు మీటర్ల అవతల ఉండాలి కాబట్టి గ్వెండా టేపు పెట్టి కొలిచి, ఆరు మీటర్ల ఒక సెంటీమీటరు దగ్గర వేదిక వేయించింది. ఆపద్ధర్మ కాలంలో మంత్రి హోదాలో ఆల్బం విడుదల చేయడం తగదు. అందుకని మంత్రిగారు పెనం మీద సాసేజ్‌లు తిప్పే మామూలు మనిషిగా విచ్చేశారు. ఆయన వెంట వచ్చిన ఆరుగురు ఫొటోగ్రాఫర్లు కూడా మామూలు మనుషులే.

తమ్సిన్ నాలుగో పాట ఎంచుకుంది. ఏప్రన్ లేదు, మంచి గౌను వేసుకుంది. క్లెమ్ గిటారు తీగ మీటాడు. ఆమె తల ఎత్తి, నాన్న ఆసుపత్రి మంచం దగ్గర మొదలుపెట్టింది. పేరు మరిచిపోయిన నాన్న, అమ్మాయీ, పంపు ఆపావా, అని అడుగుతున్నాడు.

మొదటి వరుసలో థెల్మా ముక్కు మూసుకుంది.

ఆమెను చూసి పక్కవాళ్లు మూసుకున్నారు. సాసేజ్ ఉన్నవాళ్లు ఎడమ చేతిలోకి మార్చుకుని మూసుకున్నారు. పాట నెమ్మదిగా ఉంది కనుక మోకాళ్లు కూడా నెమ్మదిగా, మర్యాదగా ముడుచుకున్నారు. నాన్న రెండోసారి పంపు గురించి అడిగినప్పుడు కలూంబా జనం మూడొందల మంది ఒక్కసారిగా, ఎంతో పరిణతితో దూకారు. వేదిక కదిలింది. తమ్సిన్ గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది. చివరిదాకా పాడింది. నాన్న పోయే చరణం దగ్గర జనం రెండుసార్లు దూకారు.

ఉల్లిపాయల పొగలో మంత్రిగారి కళ్ల వెంట నీళ్లు కారాయి. మైకు తీసుకుని, ఒక మామూలు మనిషిగా మాట్లాడారు. "ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ దూకే చోటు వచ్చినప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది." పక్కనే ఉన్న మామూలు మనుషులు ఫొటోలు తీశారు.

వేదిక వెనక క్లెమ్ గిటారు పెట్టెలో పెడుతూ, "ఎలాగైతేనేం, పాడావు" అన్నాడు.

"వింటారనుకున్నాను" అంది తమ్సిన్.

మంత్రిగారు అరవై ఒక్క ఓట్లతో నెగ్గారు. ఈ విజయం పరిణతి విజయమని పత్రికలు రాశాయి.

మంగళవారం మధ్యాహ్నం తమ్సిన్ కౌంటర్లో హామ్ కోస్తుంటే గ్వెండా పాస్కో వచ్చింది. వరుసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగింది. ఫైలు చంకలో ఉంది. ఆల్బం పెట్టె చేతిలో ఉంది.

"ఫైలు మూసే ముందు, అధికారి స్వయంగా విన్నట్టు ఒక ఫారం నింపాలి. ఎప్పుడూ ఊరికే నింపేస్తాను. ఈసారి దారిలో చెరకు మోసే రైలు అడ్డమొచ్చింది."

తమ్సిన్ కత్తి పక్కన పెట్టింది.

"గేటు దగ్గర ఆగాను. పెట్టెలు పోతూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఖాళీగా ఎందుకని కారులో మీ డిస్కు పెట్టాను. ఏ ఒక్కటీ డుబుక్ కాదు."

"కాదు" అంది తమ్సిన్. ఆ ఒక్క మాట ఫారం మీద పడితే డిస్కులన్నీ వెనక్కి పోతాయి, పాటలు పదేళ్లు ఇనప్పెట్టెలో ఉంటాయి.

"రైలు పోయింది. నేను పోలేదు. వెనకాల వాళ్లు హారన్లు కొట్టారు." గ్వెండా అద్దం వెనక చీజ్ ముక్కల వంక చూసింది. "మీ నాన్నగారు అడిగినప్పుడు, నిజంగా ఆపేశారా పంపు?"

"లేదు. ఆపానని చెప్పాను."

వరుసలో వెనకున్న పెద్దాయన, త్వరగా కానివ్వండమ్మా అన్నాడు. గ్వెండా ఆయన వైపు తిరగలేదు. ఫైలు తూకం మిషను మీద పెట్టి, ఫారం బయటికి తీసి, పెన్ను మూత విప్పింది. అభిప్రాయం అన్న గడిలో తీరిగ్గా, గుండ్రంగా రాసింది. *విన్నాను. దూకే చోటు చాలా బాగుంది.* కింద సంతకం, తేదీ, హోదా.

తర్వాత పెట్టె తెరిచి, డిస్కు తీసి చేతిసంచిలో వేసుకుంది. ఖాళీ పెట్టెను ఫారానికి జతచేసి, దారంతో కట్టి, ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసింది. నూట యాభై గ్రాముల హామ్ కూడా కట్టించుకుంది.

ఆ ఫైలు రాజధానిలో శాఖ రికార్డు గదిలో ఉంది. ఏటా జూన్‌లో తనిఖీ అధికారులు ముగ్గురొస్తారు. దారం విప్పి, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, అన్నీ సక్రమంగా ఉన్నాయని ముద్ర వేసి మళ్లీ కట్టి పెడతారు. కిందటేడు వచ్చిన అధికారి ముద్ర పక్కన సొంత దస్తూరీతో ఒక మాట కూడా చేర్చాడు, ఇలాంటి ఆల్బంలు ఇంకా రావాలని.