పిన్ని రోబో కాదని రుజువేమిటి?

నలుగురు కలిసి ఏదైనా మంచి పని చేస్తున్నారా? అయితే తక్షణం దాన్ని ఆన్‌లైన్‌లో ఏదో ఒక చాట్ నెట్‌వర్క్‌లో రిజిస్టర్ చేయించండి. ఆలస్యం చేశారో, ఆ పని కాస్తా జరిగిపోతుంది!

నవ్వకండి. నేను అనుభవం మీద చెబుతున్నాను. మా బిల్డింగ్‌లో ఒక మంచి పని రిజిస్ట్రేషన్ లేకుండా, లోగో లేకుండా, సిగ్గూ ఎగ్గూ లేకుండా రోజూ జరిగిపోతూ ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మా కింది అంతస్తులో పిన్ని ఉంటుంది. నాకు వరసకు పిన్నేమీ కాదు. బిల్డింగ్ మొత్తానికి పిన్ని. కరెంటు మీటరు చూడడానికి వచ్చే ఆయనకీ పిన్నే. ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడర్‌గా చేసి రిటైరైంది. జీవితమంతా ఇతరుల తప్పులు ఏరిన కళ్ళు మసకబారిపోయాయి, ఇప్పుడు అక్షరం ఆనదు. ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టర్లు చేతులెత్తేశారు.

పిన్నికి ఒకటే బెంగ. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక లావుపాటి నవలకు ప్రూఫులు దిద్దింది. కథ మంచి పట్టులో పడింది. నాయిక పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది, రైలు కూత వేసింది, సరిగ్గా అక్కడ పిన్నికి నొప్పులొచ్చాయి! కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చేసరికి మిగతా పేజీలు ఇంకెవరో దిద్దేశారు. తర్వాత పాప, సంసారం, ఆఫీసు. ఇన్నేళ్ళకు ఆ పుస్తకం చేతికి దొరికేనాటికి చూపు లేదు.

"ఆ పిల్ల రైలెక్కిందో లేదో తెలియకుండానే పోతానేమోరా అబ్బాయ్," అంది ఒకరోజు. నవ్వుతూనే అంది.

అంతే, మర్నాటి నుంచీ మొదలుపెట్టాం. ఒక సాయంత్రం నేను, ఒక సాయంత్రం మా బిల్డింగ్‌లోనే ఉండే బస్ కండక్టర్, ఒక సాయంత్రం వీధి చివర మందుల షాపాయన. పిన్ని ముందు గదిలో కూర్చుని వంతులవారీగా పైకి చదివేవాళ్ళం. మొదటి పేజీ నుంచే చదవాలని, ఆఖరి పేజీలోకి తొంగిచూసినవాణ్ణి గుమ్మం తొక్కనివ్వనని పిన్ని షరతు. కళ్ళు పోయినా చెవులు మాత్రం ప్రూఫులు దిద్దుతూనే ఉండేవి.

"అక్కడ కామా ఉంది. మింగేశావ్."

చూడకుండా ఎలా కనిపెట్టేదో ఆ దేవుడికే ఎరుక. కండక్టర్ అయితే నాయకుడు నాయికతో గుసగుసలాడే ఘట్టాన్ని కూడా 'లోపలికి జరగండి, లోపలికి జరగండి' అనే గొంతుతో చదివేవాడు. దాంతో పై అంతస్తుల వాళ్ళకి కూడా కథ తెలిసిపోయి, ఎవరి కుర్చీ వాళ్ళు పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. ఇంత అరాచకం ఎక్కడైనా ఉందా?

అదృష్టవశాత్తూ సర్వర్ వచ్చి మమ్మల్ని కాపాడాడు. సర్వర్ అంటే మా పక్క ఫ్లాట్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఏ పని అడిగినా 'సర్వర్ డౌన్ అంకుల్' అంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. పాపం పిన్ని చాలాకాలం అతను హోటల్లో పనిచేస్తున్నాడనుకుని, కాళ్ళు నొప్పులుగా ఉన్నాయా నాయనా అని అడుగుతుండేది.

"ఇంత మంచి ప్రాజెక్టు అన్‌అఫీషియల్‌గా నడుపుతున్నారా అంకుల్?" అన్నాడు సర్వర్. దొంగ కరెంటు వాడుతూ దొరికిపోయినట్టు నేను తల దించుకున్నాను. అప్పటిదాకా అది ప్రాజెక్టని మాకెవరికీ తెలియదు. పిన్నికి పుస్తకం చదవడం అనుకుంటున్నాం, అమాయకులం!

ఒక చాట్ నెట్‌వర్క్ ఉందట. మనలాంటి ప్రాజెక్టులకు ఉచితంగా గది ఇస్తుందట, పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు పెడుతుందట. ఆకుపచ్చ టిక్కు! మందుల షాపాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ముందు పేరు కావాలి. 'పిన్ని గది' అని కొట్టాం. ఆ పేరు ఇంకెవరో తీసేసుకున్నారు. 'సాయంకాలం' అన్నాం. అందులో పాత ఫ్రిజ్‌లు అమ్ముతున్నారు. పేరు మీద వాదించుకుంటూ సాయంత్రాలు గడిచిపోయాయి. పుస్తకం అలా బోర్లా పడుకునే ఉంది, సరిగ్గా నాయిక ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కుతున్న పేజీలో.

ఆ తర్వాత వచ్చింది అసలు ఘట్టం. ప్రాజెక్టు వ్యవస్థాపకులు తాము రోబోలు కాదని స్వయంగా నిరూపించుకోవాలి. వ్యవస్థాపకురాలు ఇంకెవరు, పిన్నే.

"నేను మనిషిని కానేమోనని వాడికి అనుమానం ఎందుకొచ్చింది?" అంది పిన్ని.

ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు గుర్తుపట్టమంది ఫోను. కనిపించకపోతే వినమంది. సరే, విన్నాం. గరగరమంటూ ఒక గొంతు కొన్ని మాటలు పలికింది. విన్నది విన్నట్టు టైపు చేయాలి. పిన్ని చెబుతుంటే సర్వర్ కొట్టాడు: భాష, విశేషం, శాశ్వతం.

తప్పు అంది ఫోను.

"తప్పు వాడిదే! బాష అంటాడేమిటి, ఒత్తు లేకుండా? విషేశమట, సాస్వతమట! నేను దిద్ది చెప్పాను," అంది పిన్ని.

"దిద్దకూడదు పిన్నిగారూ, వాడు ఎలా అంటే అలాగే చెప్పాలి," అని సర్వర్ బతిమాలాడు.

"తప్పని తెలిసి వదిలేయమంటావా? నావల్ల కాదు బాబూ."

ఎన్నిసార్లు ప్రయత్నించినా పిన్ని దిద్దుతూనే ఉంది. చివరికి ఫోను తేల్చి చెప్పేసింది: 'మీరు రోబో అయి ఉండవచ్చు.' చూశారా! ఇన్నేళ్ళుగా పక్కన ఉంటున్నాం, మాలో ఒక్కరికైనా తట్టిందా?

సహాయం కోసం ఇంకో కిటికీ తెరిచాడు సర్వర్. 'హలో! నేను మీ సహాయకుణ్ణి' అని వచ్చింది. చదివి వినిపిస్తే పిన్ని వెంటనే, "ముందు ఆ అబ్బాయి భోంచేశాడో లేదో అడుగు," అంది. అడిగాం. 'మీ ప్రశ్న అర్థం కాలేదు. కింది వాటిలో ఒకటి ఎంచుకోండి' అన్నాడు.

"పాపం, తినలేదన్నమాట," అంది పిన్ని.

గత్యంతరం లేక వ్యవస్థాపకుడిగా సర్వర్ పేరే పెట్టాం. అతను సులువుగా మనిషి అయిపోయాడు. పిన్ని మామూలు సభ్యత్వానికి దరఖాస్తు చేసుకుంది. అది నేటికీ పరిశీలనలో ఉంది.

టిక్కు వచ్చింది! ఆ క్షణం నుంచి మా ప్రగతి చూడాలి మీరు. ఊళ్ళు దాటి, దేశాలు దాటి జనం చేరారు. ఇంతకుముందు పిన్నికి చదవడానికి ముగ్గురమే ఉండేవాళ్ళం. ఇప్పుడు చదవకుండా ఉండడానికి వందలమందిమి!

'ఈ రోజు పిన్నికి ఎవరు చదువుతున్నారు?' అని సర్వర్ పెడతాడు. బొటనవేళ్ళు బిలబిలా లేస్తాయి. ఇంతమంది వేళ్ళెత్తాక ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారని ఎవరికి వారు నిశ్చింతగా పడుకుంటాం. ఈ నిశ్చింత మీకు రిజిస్టర్ కాని ప్రాజెక్టులో దొరుకుతుందా?

మా స్థాయి ప్రాజెక్టుకు గొంతు పంపే సౌకర్యం లేదు, టైపు చేయడమే. అంటే చూపు లేని మనిషికి చదివి వినిపించే ప్రాజెక్టును, చూపుంటే తప్ప దొరకని గదిలో పెట్టాం. ఈ చిన్న విషయాన్ని ఎవరో ఎత్తిచూపితే, 'సభ్యులు విమర్శలు మానుకోవాలి' అనే నియమం కింద ఆయన్ని తొలగించాం. కండక్టర్ని, గట్టిగా మాట్లాడతాడని ముందుజాగ్రత్తగా హెచ్చరించాం. నాకైతే అందరికంటే చురుకైన సభ్యుడిగా పసుపు నక్షత్రం వచ్చింది. దాన్ని మా ఆవిడకి చూపిస్తే, "పిన్ని గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయింది?" అంది. ఆవిడకి ఆన్‌లైన్ సంస్కృతి కొత్త.

ఇంతటి మేలును పదిమందికీ చెప్పాలని ఈ వ్యాసం రాశాను. పత్రికకు పంపేముందు కామాలు దిద్దించుకోవడం నా అలవాటు కాబట్టి కాగితాలు పట్టుకుని పిన్ని దగ్గరికి దిగాను. ముందు గదిలో కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నవల బోర్లా అలాగే ఉంది. దాని మీద దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నట్టుంది.

మొదటి నుంచి ఇక్కడిదాకా పైకి చదివాను. పిన్ని కళ్ళు మూసుకుని వింది.

"బాగుంది. ఆశ్చర్యార్థకాలు ఎక్కువయ్యాయి, నీ గొంతు మాటిమాటికీ పైకి లేస్తోంది," అంది. నవల మీద చెయ్యి వేసి, "ఇంత పొడుగు వ్యాసం కూర్చుని చదివావు కదా నాయనా. ఈ నవల్లో ఒక్క పేజీ చదవడానికి ఎందుకు రాలేకపోయావ్?" అంది.

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

వ్యాసం పక్కన పెట్టి నవల తీశాను. రెండు కామాలు మింగేశాను. అయినా పిన్ని దిద్దలేదు. తలుపు తీసే ఉంది కాబట్టి మెట్ల మీద వెళుతున్న కండక్టర్ ఆగి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "లోపలికి జరగండి," అని నన్ను జరిపి పక్కన కూర్చున్నాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. నెట్‌వర్క్ వాళ్ళు! మీ గదిలో సభ్యులు బొటనవేళ్ళే తప్ప ఒక్క మాటా రాయడం లేదు, ప్రాజెక్టు బతికే ఉంటే వెంటనే ఒక్క అక్షరమైనా టైపు చేయండి, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు అన్నారు. చేసేవాణ్ణే. కానీ ఎలా? రెండు చేతుల్లోనూ పుస్తకం ఉంది.

ఆ పిల్ల రైలెక్కిందా అని మీరు అడుగుతారు. పిన్నికి తెలిసింది, చాలాసేపు ఏడ్చింది, నవ్వింది కూడా. మీకు మాత్రం ఇక్కడ చెప్పను. వినాలనుంటే సాయంత్రం రండి, మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవమంటోంది. కుర్చీలు చాలవు, కింద కూర్చోవాలి. పేరు రాయించుకోనక్కర్లేదు. రోబోలైనా సరే, నిరభ్యంతరంగా రావచ్చు. గుమ్మం దగ్గర పిన్ని అడిగేది ఒక్కటే.

"భోంచేశావా?"