దవడపన్నుకి ఒకరోజు సెలవు

సంక్షేమ మంత్రిగారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు. మంచాన ఉన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లకు నెలకో రోజు సెలవిస్తున్నట్టు ప్రకటించారు. "ఆ రోజు చాకిరీ ప్రభుత్వమే చేస్తుంది. ఇది మా దయ కాదు, మీ హక్కు!" అన్నారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారిది జాలిగుండె, చప్పట్లు ఎవరినీ మధ్యలో ఆపనివ్వలేదు.

రేడియోలో ఆ మాట వినగానే అక్క చెంప పట్టుకుంది. మూడు నెలలుగా దవడపన్ను ఆమె ప్రాణం తోడేస్తోంది. పీకించుకుందామంటే గడప దాటే వీల్లేదు. తమ్ముడికి మెడ కింద ఏదీ కదలదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. కదిలేదల్లా నోరొక్కటే, అది మాత్రం ఇద్దరి వాటా కదులుతుంది.

"అర్జీ పెట్టక్కా," అన్నాడు తమ్ముడు. "నీ పన్ను వచ్చే ఎన్నికల దాకా ఆగేట్టు లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారీ ఇచ్చేశాడు! పథకంలో మొదటి సెలవు అక్కకే వచ్చింది. పన్ను డాక్టరు పదకొండున్నరకి రమ్మన్నాడు. ఆ పూట అక్క నొప్పిని కూడా ముద్దుగానే భరించింది.

తొమ్మిదింటికి ఆఫీసరుగారు, ఫొటోగ్రాఫరు, వాళ్ల వెనకాల అక్క చాకిరీ చేసిపెట్టే బదులుమనిషి వచ్చారు. బదులుమనిషి నిన్నటిదాకా ఫైళ్ల గదికి కాపలా. కరుణ మీద రెండు గంటల ఉపన్యాసం విని పాసయ్యాడు.

"మనిషిని ఎత్తడం వచ్చా బాబూ?" అడిగింది అక్క.

"ఫైళ్లు ఎత్తానమ్మా. అవీ ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి."

"అయితే మనం చుట్టాలమే," అన్నాడు తమ్ముడు.

పని నేర్పినట్టు అక్క సంతకం పెడితేగానీ సెలవు మొదలవదట. నేర్పింది, సంతకం పెట్టింది. బదులుమనిషి వంగాడు, తమ్ముడి చంకల కింద చేతులేశాడు, ఒక్క ఊపున లేపబోయాడు. కటుక్కుమంది.

"అది నాది కాదు," అన్నాడు తమ్ముడు కంగారుగా.

బదులుమనిషి నడుం పట్టుకుని కుప్పకూలాడు. ఆఫీసరుగారు శాఖ డాక్టరుకు ఫోన్ చేశారు. వారం రోజులు మనిషిని కదపకూడదన్నాడు డాక్టరు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. ముగ్గురూ కలిసి అతన్ని అక్క మంచం మీదికే చేర్చారు.

"ఇంకో మనిషిని పంపండి సార్," అంది అక్క.

"ఇంటికి ఒక్కడేనమ్మా. ఇతను డ్యూటీలో ఉన్నాడుగా!"

"మరి నా పన్ను?"

"భలేవారే! మీకివాళ సెలవు. వెళ్లండి, మిమ్మల్ని ఎవరాపారు?"

అక్క ఈ మంచం చూసింది, ఆ మంచం చూసింది. చెప్పులు విప్పేసి, వేణ్ణీళ్లు కాచడానికి వంటింట్లోకి నడిచింది. పదకొండున్నర గోడ మీది గడియారంలోనే వచ్చి వెళ్లిపోయింది.

నాలుగింటికి మంత్రిగారు స్వయంగా దయచేశారు. అప్పటికి అక్క చెంప పూరీలా పొంగింది.

"ఏమ్మా, సెలవెలా గడిచింది?"

అక్క నోరు తెరవబోయింది. దవడ కదల్లేదు. కళ్లమ్మట నీళ్లు కారాయి.

"ఆనందంతో మాట రావట్లేదు సార్," అన్నాడు తమ్ముడు. ఆఫీసరుగారు ఆ మాట భక్తిగా రాసుకున్నారు.

"చూశారా, ఒక్కరోజు విశ్రాంతికే బుగ్గ ఎలా నిండిందో!" అని మంత్రిగారు మురిసిపోయారు. "ఆ నిండినవైపు నుంచే ఫొటో తియ్యవయ్యా." అవతలి మంచం మీది శాల్తీని చూసి, "ఈయనెవరు?" అన్నారు.

"మన బదులుమనిషే సార్. డ్యూటీలో నడుం పట్టింది."

మంత్రిగారి గుండె కరిగి నీరైంది. అక్కడికక్కడే అతనికి వారం సెలవు మంజూరు చేశారు. కదపకూడదన్నారు కాబట్టి, సెలవు ఆ మంచం మీదే.

వెళ్లేముందు ఆఫీసరుగారు అక్క ముందు ఇంకో కాగితం పెట్టారు. "ఈ నెల సెలవు పూర్తిగా వాడుకున్నాను" అని అందులో ఉంది. అక్క సంతకం చేసింది. కార్లు కదిలాయి. వేళయిందని తమ్ముణ్ని పక్కకి తిప్పి, వీపు వెనక దిండు సర్దింది.

రెండో మంచం మీంచి సన్నగా గొంతు వినిపించింది.

"అమ్మా, నన్ను కూడా కాస్త ఇటు తిప్పుతారా?"